రేడియేషన్ చికిత్స – అతికించిన చర్మం

తొడ నుంచి పల్చగా తీసి గాయం మీద అతికించిన చర్మానికి మొదట రక్తప్రసరణ ఉండదు. మొదటి ఒకటి రెండు రోజులు అడుగున ఊరే ద్రవాన్ని పీల్చుకుని బతుకుతుంది. తర్వాత గాయంలోని సన్నని రక్తనాళాలు దానిలోకి పాకుతాయి. వారం తిరిగేసరికి అది పట్టిందో లేదో తేలిపోతుంది. అంటే ఈ అతికించిన చర్మం (గ్రాఫ్ట్) బతుకంతా కింది కణజాలం మీదే ఆధారపడి ఉంటుంది. రేడియేషన్ దెబ్బ తీసేది సరిగ్గా అక్కడే.

పారిస్‌లో రెవర్డిన్ 1869లో చిన్న చిన్న చర్మపు ముక్కలు అతికించి గాయాలు మాన్పాడు. 1895లో రాంట్‌జెన్ ఎక్స్-రేలను కనుగొన్నాడు. ఈ రెండూ ఒకే శరీరం మీద ఎదురుపడిన తొలి విషాదాల్లో ఒకటి ఎడిసన్ సహాయకుడు క్లారెన్స్ డాలీది. ఎక్స్-రేలకు కాలిన అతని మణికట్టు మీద 1902లో పలుమార్లు చర్మం అతికించినా పట్టలేదు. చివరికి ఎడమ చేయి తీసేశారు. 1904లో అతను మరణించాడు.

కారణం తర్వాతి దశాబ్దాల్లో స్పష్టమైంది. కిరణాలు సన్నని రక్తనాళాల లోపొరను, గాయాన్ని పూడ్చే కణాలను కూడా దెబ్బతీస్తాయి. ఏళ్లు గడిచేకొద్దీ ఆ చోటు గట్టిపడుతుంది, ఆక్సిజన్ సరిగా అందదు. అలాంటి చోట పల్చని గ్రాఫ్ట్ నిలవడం కష్టం. అందుకే అక్కడ సొంత రక్తనాళంతో సహా కండను, చర్మాన్ని తిప్పి తెచ్చే ఫ్లాప్ పద్ధతి వాడతారు. 1979లో ఏరియన్ వివరించిన ఛాతీ కండ ఫ్లాప్ నోటి క్యాన్సర్ శస్త్రచికిత్సను మార్చేసింది.

సూరత్‌లో ఈ చరిత్ర పుస్తకాలకే పరిమితం కాదు. పొగాకు నమిలే అలవాటు బలంగా ఉన్న గుజరాత్‌లో నోటి క్యాన్సర్ పెద్ద సమస్య. 2012లో రాష్ట్రం గుట్కాను నిషేధించింది. లింబాయత్, ఉధ్నా వైపు మరమగ్గాల మీద బతికే తెలుగు కుటుంబాలూ ఈ నగరంలో భాగమే. దవడ, బుగ్గ తీసేశాక సాధారణంగా ఆరు వారాల్లోపు రేడియేషన్ మొదలుపెట్టాలి. వారానికి ఐదు రోజుల చొప్పున 30 విడతల్లో 60 గ్రే (రేడియేషన్ మోతాదు కొలత) వరకు ఇస్తారు. రోజుకూలీ వదులుకుని అన్ని వారాలు ఆస్పత్రికి తిరగడం చిన్న భారం కాదు.

ఆ చోట గ్రాఫ్ట్ వేసి ఉంటే, రేడియేషన్ మొదలయ్యేలోగా అది పూర్తిగా మానాలి. మానిన గ్రాఫ్ట్ చాలావరకు కిరణాలను తట్టుకుంటుంది: ఎర్రబడుతుంది, పొర ఊడుతుంది, కొన్నిచోట్ల పుండై నెమ్మదిగా మానుతుంది. మానకముందే మొదలుపెడితే చర్మం పోవచ్చు. మరీ ఆలస్యమైతే క్యాన్సర్ తిరగబెట్టే ముప్పు పెరుగుతుంది. కాబట్టి సర్జన్, రేడియేషన్ డాక్టర్ ఆపరేషన్‌కు ముందే కూర్చుని మాట్లాడుకోవడం తప్పనిసరి. రేడియేషన్ ఇచ్చే రోజుల్లో ఆ చోట రుద్దకూడదు, ప్లాస్టర్ అంటించకూడదు, ఎండ తగలనివ్వకూడదు. పొగాకు పూర్తిగా మానేయాలి: నికోటిన్ ఆ కాస్త రక్తనాళాలనూ బిగించేస్తుంది.