వినడం నుంచి చదవడం దాకా

చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన దబ్బల రాజగోపాల్‌రెడ్డి లోకానికి రాజ్‌రెడ్డిగా తెలుసు. గిండీలో సివిల్ ఇంజనీరింగ్ చదివి, ఆస్ట్రేలియా మీదుగా స్టాన్‌ఫర్డ్ చేరి, 1966లో జాన్ మెకార్తీ దగ్గర డాక్టరేట్ పూర్తిచేశారు. మనిషి మాటను యంత్రం గుర్తుపట్టేలా చేయడం ఆయన ఎంచుకున్న సమస్య. 1969లో కార్నెగీ మెలన్‌ విశ్వవిద్యాలయానికి వెళ్లేసరికి అక్కడ హెర్బర్ట్ సైమన్, అలెన్ న్యూవెల్ మనిషి ఆలోచించే తీరును ప్రోగ్రాములుగా రాసి పరీక్షిస్తున్నారు. ఆ సావాసమే రాజ్‌రెడ్డి పనికి దారి చూపిందని నా నమ్మకం.

ఎదుటివారి మాటలో ప్రతి ధ్వనీ మనకు స్పష్టంగా వినిపించదు. సందర్భాన్ని బట్టి పూరించుకుంటాం. 1970లలో ఆయన బృందం తయారుచేసిన హియర్‌సే అనే ప్రోగ్రాము దీన్నే ఆధారం చేసుకుంది. మొదటి రూపం నోటితో చెప్పిన చదరంగపు ఎత్తులను వినేది. ఆటలో ఆ క్షణాన ఏ ఎత్తు కుదురుతుందో తెలుసు కనుక మసకగా వినపడ్డ మాటనూ పట్టుకోగలిగేది. హియర్‌సే-2లో ధ్వని, పదం, వాక్యం తెలిసిన భాగాలు తమ ఊహలను ఒకే నల్లబల్ల మీద ఉంచి, ఒకదాన్నొకటి సరిదిద్దుకునేవి. 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి ఆయనకు ట్యూరింగ్ అవార్డు వచ్చింది.

తర్వాత ఆయన పనిలో పుస్తకాల వంతు వచ్చింది. కార్నెగీ మెలన్, బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ, చైనా, ఈజిప్టు సంస్థలు కలిసి తలపెట్టిన పది లక్షల పుస్తకాలను స్కాన్ చేసే పథకం 2007 నాటికి 15 లక్షలు దాటింది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ అందులో ముఖ్య కేంద్రం. ఎన్నో పాత తెలుగు పుస్తకాలు అలా బతికాయి. అయితే చేతికి వచ్చింది పుట బొమ్మే. పైగా పేర్లను ఇంగ్లిషు అక్షరాల్లో ఒక్కోచోట ఒక్కోలా ఎక్కించడంతో ఉన్న పుస్తకమే వెతికితే దొరకని స్థితి. స్కానింగ్‌కు పెట్టినంత శ్రద్ధ పట్టికకూ పెట్టాల్సింది.

బొమ్మను అక్షరంగా మార్చే పని హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోనూ సాగింది. గుణింతాలు, ఒత్తులతో తెలుగు అక్షర రూపాలు వేలల్లోకి పోతాయి. అతుల్ నేగి, చక్రవర్తి భగవతి బృందం 2001లో వాటిని విడి ముక్కలుగా చూసి, సుమారు 370 ఆకారాలకు కుదించింది. ట్రిపుల్ ఐటీలో సి.వి. జవహర్ బృందం అక్షరాల జోలికి పోకుండా, పదం బొమ్మనే పదం బొమ్మతో పోల్చి వెతికే మార్గం పట్టింది.

వికారాబాద్, తాండూరు వైపు పాత రాతను యంత్రంతో చదివించే ఈ సమస్య ఇంకా చిక్కైనది. కర్ణాటక సరిహద్దును ఆనుకున్న ఈ నేల మీద తెలుగు, కన్నడ, ఉర్దూ మూడూ వినిపిస్తాయి. నిజాం కాలపు సేత్వార్ల వంటి భూమి కాగితాలు ఉర్దూలో, చేతిరాతలో ఉన్నాయి. వాటిని ఇప్పుడు చదవగలిగే రైతులు తక్కువ. స్కాన్ చేసి కంప్యూటర్లో పెట్టినా రైతుకు అర్థమయ్యేది ఏమీ ఉండదు, దాన్ని చదివి తెలుగులో వినిపించాలి. చదరంగంలో కుదిరే ఎత్తులు పరిమితమైనట్టే ఈ కాగితంలోనూ ఏ గడిలో సర్వే నంబరు, ఏ గడిలో విస్తీర్ణం, ఎక్కడ పట్టాదారు పేరు ఉండాలో ముందే తెలుసు. చెరిగిన అంకెను పక్క గడుల సాయంతో ఊహించవచ్చు. భూమి హక్కు విషయం కనుక, ఆ ఊహ ఎంతవరకు నమ్మదగ్గదో కూడా యంత్రం చెప్పి తీరాలి.