భువనగిరి శిల: కోట నుంచి క్రీడ వరకు

శాసనం, నాణెం, ప్రయాణికుల రచన: చరిత్రకు ఆధారాలుగా ఇంతవరకు వీటిని చదివారు. ఈ పాఠంలో ఒక కొండరాతిని ఆధారంగా తీసుకుందాం. హంసలదీవి, కోడూరు, అవనిగడ్డ వైపు నుంచి ఈ పుస్తకం చదువుతున్న విద్యార్థులకు ఇది తమకు సంబంధం లేని విషయంగా తోచవచ్చు. కృష్ణ సముద్రంలో కలిసే ఆ చోట ఎటు చూసినా ఒండ్రు నేలే. ఎక్కడానికి ఉన్న ఎత్తల్లా తాటిచెట్టు. కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం.

కల్లుగీత కార్మికుడికి మోకు ఆధారం. దానిమీద బరువు మోపి, ఒక్కో జానెడూ పైకి జరుపుకుంటూ చెట్టెక్కుతాడు. నేటి శిలారోహణ క్రీడలో, అంటే స్పోర్ట్ క్లైంబింగ్‌లో, తాడు పని వేరు. రాతిలో ముందే బిగించిన బోల్టులకు తాడును తగిలించుకుంటూ పోతారు. పైకి పోవడం మాత్రం వేళ్లతో, పాదాలతోనే. జారితే ఆపడానికే తాడు, ఎక్కించడానికి కాదు. శిఖరం చేరడం కన్నా ఎంత కఠినమైన దారిలో ఎక్కారన్నదే ఇందులో లెక్క.

ఈ క్రీడ చరిత్రలో తరచు వినిపించే పేరు ఇటలీ ఆల్ప్స్ పర్వతాల్లోని బార్దొనెక్కియా. 1985 జులైలో ఆ ఊరి దగ్గరి లోయలో, సహజమైన రాతిగోడ మీద 'స్పోర్ట్‌రొచ్చా' పోటీ జరిగింది. పురుషుల్లో జర్మనీకి చెందిన స్టెఫాన్ గ్లొవాచ్, స్త్రీలలో ఫ్రాన్స్‌కు చెందిన కాథరీన్ దెస్తివెల్ గెలిచారు. కొండతో పోటీ ఏమిటి, కొలత ఏమిటి అని అదే ఏడాది ఫ్రాన్స్‌లో పేరున్న ఆరోహకులు 19 మంది నిరసన ప్రకటన చేశారు. వారి మాట నెగ్గలేదు. కాని పోటీల కోసం రాతిని మార్చడం, జనం తాకిడి విమర్శలకు గురై, కొద్ది ఏళ్లలోనే పోటీలు కృత్రిమ గోడల మీదికి వెళ్లాయి. 2021లో టోక్యోలో జరిగిన ఒలింపిక్స్‌లో ఈ క్రీడ తొలిసారి కనిపించింది కూడా అలాంటి గోడల మీదే.

ఇక మన రాతి దగ్గరికి వద్దాం. హైదరాబాదు నుంచి వరంగల్ వెళ్లే దారిలో, సుమారు 50 కిలోమీటర్ల దూరంలో భువనగిరి కనిపిస్తుంది. భోంగీర్ అని కూడా అంటారు. సుమారు 500 అడుగుల ఎత్తున్న ఏకశిల. దూరం నుంచి పడుకున్న ఏనుగు వీపులా ఉంటుంది. దక్కను గ్రానైటు ఎండకూ వానకూ ఉల్లిపొరల్లా ఊడుతూ ఇలా గుండ్రబడుతుంది. పట్టుకోవడానికి అంచులు తక్కువ. పాదానికీ రాతికీ మధ్య రాపిడినే నమ్ముకుని ఎక్కాలి.

పశ్చిమ చాళుక్య రాజు త్రిభువనమల్ల ఆరవ విక్రమాదిత్యుడు ఇక్కడ కోట కట్టించాడని, ఊరి పేరు ఆయన బిరుదు నుంచే వచ్చిందని చెబుతారు. ఆయన పాలనాకాలం 1076 నుంచి 1126 వరకు. ఆ తర్వాత కోట కాకతీయుల చేతికి, ఆపైన గోల్కొండ వారికి, మొగలులకు దక్కింది. ఇంతమందికీ ఈ రాయి పనికొచ్చింది ఒకే గుణం వల్ల: దాన్ని ఎక్కడం కష్టం. గోడ చాలావరకు ప్రకృతే కట్టి పెట్టింది.

1708లో సర్వాయి పాపన్న వరంగల్ మీద, ఆ వెంటనే భువనగిరి మీద దాడి చేశాడు. ఆయన పుట్టింది కల్లుగీత వృత్తి కులంలో. పారశీకంలో రాసిన మొగలు చరిత్రకారుడు ఖాఫీ ఖాన్‌కు ఆయన దోపిడీదారు. తెలుగు జానపద గాథలకు వీరుడు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవండి. ఎత్తులో ఎవరుండాలన్న తగవు రెండింటిలోనూ ఉంది.

మూడు వందల ఏళ్ల తర్వాత అదే కొండ మీద శిలారోహణ శిక్షణ పాఠశాల వచ్చింది. సాంఘిక సంక్షేమ గురుకులాల నుంచి ఎంపికైన పిల్లలు శేఖర్ బాబు బచినేపల్లి దగ్గర ఇక్కడే తొలి పాఠాలు నేర్చారు. వారిలో నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్ 2014 మే 25న టిబెట్ వైపు నుంచి ఎవరెస్టు ఎక్కారు. అప్పటికి పూర్ణ వయసు 13 ఏళ్ల 11 నెలలు. తెలంగాణ రాష్ట్రం ఏర్పడడానికి ఇంకా ఎనిమిది రోజులుంది. పత్రికలకు ఎవరెస్టు ప్రధాన వార్త, భువనగిరి ఒక వాక్యం. చరిత్ర విద్యార్థులు దీన్ని తిరగేసి చదవాలని నా అభిప్రాయం. వ్యవసాయ కూలీల బిడ్డకు ఎవరెస్టు దాకా దారి తెరుచుకున్నది ఈ రాతి మీదే.

ఒక హెచ్చరిక. పాపన్న నుంచి పూర్ణ వరకు తెగని సంప్రదాయం ఉందని రాయకండి. మధ్యలో గొలుసు లేదు. రాయి ఒక్కటే ఉమ్మడి.

ఆ రాయి నిలిచి ఉండడం కూడా తప్పనిసరి ఏమీ కాదు. హైదరాబాదు చుట్టూ ఇలాంటి గుట్టలెన్నో క్వారీలకు, ఇళ్ల స్థలాలకు పోయాయి. మిగిలినవాటిని కాపాడాలని 1996లో అక్కడ ఒక సంఘమే ఏర్పడింది. అలాగని రాయి కొట్టడమే నేరమనలేం. 1855లో పూర్తయిన బెజవాడ ఆనకట్టకు రాయి పక్క కొండల నుంచే తీశారు. దివిసీమకు కాలువ నీళ్లు దాని వల్లే వచ్చాయి. ఏ కొండను కొట్టాలి, దేన్ని ఉంచాలి అన్నది ఎవరు నిర్ణయించారన్నదే అడగవలసిన ప్రశ్న.

అభ్యాసం: మీ ఊళ్లో పాత రాతి కట్టడం ఒకటి ఎంచుకోండి. హంసలదీవి వారికి వేణుగోపాలస్వామి ఆలయం ఉంది. ఒండ్రు నేలలో రాయి పుట్టదు కాబట్టి ఆ రాయి ఎటునుంచి, ఏ దారిన వచ్చి ఉంటుందో పెద్దలను అడిగి, మీ ఊహను, విన్నదాన్ని వేరువేరుగా గుర్తిస్తూ ఒక పుటలో రాయండి.