మన పేరుతో తిట్లు తిన్న నీనా

మా బద్వేలులో రిష్తా మాట మొదలైతే ఖాలాలు అడిగే మొదటి సవాల్ చదువు గురించి కాదు. "లడ్కీ గోరీ హై క్యా?" అని. అది విన్నప్పుడల్లా నాకు నీనా దావులూరి యాదికొస్తుంది.

తెలుగు పిల్లే. ఖాందాన్ విజయవాడది. 1989లో అమెరికాలోని సిరక్యూస్‌లో పుట్టింది, పసితనంలో కొన్నాళ్లు విజయవాడలో బంధువుల దగ్గర పెరిగింది. 2013 సెప్టెంబర్ 15న మిస్ అమెరికా తాజ్ ఆమె తలకెక్కింది. మన దేశపు మూలాలున్న అమ్మాయికి అది దక్కడం అదే మొదలు. ఒకప్పుడు ఆ పోటీ నిబంధనల్లో ఏడోది, తెల్లజాతి వాళ్లే రావాలని! నల్లజాతి అమ్మాయి వనెస్సా విలియమ్స్ గెలిచేసరికి 1983 అయింది. ఆమె తర్వాత పేరున్న గాయని అయింది. నీనాది గానం కాదు, నాచ్. మన శాస్త్రీయ నృత్యంలో బాలీవుడ్ స్టెప్పులు కలిపి ఆడింది.

ఆ రాత్రే ట్విట్టర్‌లో నఫ్రత్ కురిసింది. అరబ్ అన్నారు, టెర్రరిస్ట్ అన్నారు, అల్ ఖైదా అన్నారు. సెప్టెంబర్ 11 వెళ్లి నాలుగు రోజులే మరి. హిందూ ఇంటి బిడ్డకి మన పేరుతో గాలీలు! వాటికి అతీతంగా ఉండాలి, నేను మొదట అమెరికన్‌ని అని ఆమె జవాబు. ఆ జవాబు చాలాసార్లు చదివాను. 'నేను ముస్లింని కాదు' అని తప్పుకోవడం అందులో లేదు. ఆ షరాఫత్‌కి నా సలాం.

ఇక్కడ మనవాళ్లేమన్నారు? ఇంత సావ్లీ పిల్ల మిస్ ఇండియాలో అయితే గెలిచేదా అని. అక్కడ నస్ల్ పేరుతో, ఇక్కడ రంగు పేరుతో. నీనా ఈ రెండో జబ్బునే పట్టుకుంది. రంగు వివక్ష మీద డాక్యుమెంటరీ తీసింది, తెల్లబరిచే క్రీముల కంపెనీలను నిలదీసింది.

మనకిది కొత్త సబఖ్ కాదు. గోరాకి కాలా మీద ఫజీలత్ లేదని ఆఖరీ హజ్ ఖుత్బాలో హుజూర్ (స) చెప్పారు. ఫతహ్-ఎ-మక్కా రోజు కాబా పైకెక్కి అజాన్ ఇచ్చింది హబ్షీ అయిన హజ్రత్ బిలాల్ (రజి). జుమ్మా బయాన్‌లో ఈ మాటలు విని కళ్లు తుడుచుకునేవాళ్లే ఇంటికెళ్లి పిల్ల ఫోటోని లైటు కింద పెట్టి చూస్తారు.

2020లో ఫెయిర్ అండ్ లవ్లీ పేరు మారి గ్లో అండ్ లవ్లీ అయింది. మా వీధి దుకాణంలో వేలాడుతూనే ఉంది. కొనేవాళ్లు మాత్రం ఇప్పటికీ పాత పేరుతోనే అడుగుతారు.