మరిగేదాకా

1942 ఫిబ్రవరి. టౌంగప్ కనుమ ఎక్కుతున్నావు. లుంగీ చింపి అరికాళ్ళకు కట్టుకున్న పేలికలు దుమ్ముతో అట్టకట్టాయి. ముందు మనుషులు, వెనక మనుషులు. తలల మీద మూటలు, చంకల్లో పిల్లలు. రెండు పక్కలా వెదురు అడవి. ఎవరికీ నోట మాట లేదు.

రంగూన్ రేవులో బియ్యం బస్తాలు మోసిన భుజం నీది. బర్మావాళ్ళు నిన్ను కోరంగి అంటారు. నీది కోరంగి కాదు, చికాకోలు దగ్గరి పల్లె. కానీ ఓడెక్కి వచ్చిన తెలుగువాళ్ళందరికీ కోరంగి రేవు పేరే. డిసెంబరు 23న జపాను బాంబు విమానాలు వస్తే అందరిలాగే వీధిలో నిలబడి తలెత్తి చూశావు. పక్కన నిలబడి చూసినవాళ్ళు ఎందరో మళ్ళీ లేవలేదు.

ఓడలో పోవచ్చు కదా? రోజుల తరబడి పడిగాపులు కాశావు. ఇన్నేళ్ళు ఓడలు నింపిన నీకు ఓడలో జానెడు చోటు ఇవ్వలేదు. అందుకే ఈ దారి. ప్రోం దాకా 160 మైళ్ళు. ఐరావతి దాటాక ఈ కొండల్లో ఇంకో నూరు పైచిలుకు. ఆపైన పడవ, అక్యాబ్, చిట్టగాంగ్. రైలు ఆ తర్వాతే.

"బావా, నీల్లు."

నీ భార్య తమ్ముడు. పదహారేళ్ళు. పొద్దుట్నుంచీ అదే మాట.

మలుపు దిగువన ఊట కనిపిస్తుంది. జనం దాని మీద పడుతున్నారు. వాడు నీ చెయ్యి విదిలించుకుని పరుగెత్తుతున్నాడు.

ఆగు. ఎగువకి చూడు.

రాతి పక్కన ఒక మనిషి. కాళ్ళు నీళ్ళలో. ముఖం మీద ఈగలు. కదలడు.

కలరా. ప్రోంలో చూశావు.

"ఒరే, తాగకురా!"

దూకుతావు. దోసిలి మీద కొడతావు. నీళ్ళు ఒలుకుతాయి. వాడు ఏడుస్తాడు.

"కాసి ఇత్తానురా. కూకో."

శవానికి ఎగువన చెంబు ముంచుతావు. ఎండు వెదురాకులు గుప్పెడు. అగ్గిపుల్లలు మూడే. ఒకటి ఆరిపోతుంది. రెండోది అంటుకుంటుంది. నీతో నడిచినవాళ్ళు మలుపు దాటిపోతున్నారు. ఉండిపోతే అడవిలో రాత్రి మీరిద్దరే. పోతే, వాడికి దాహం ఆగదు.

ఉండిపోతావు.

చెంబు అడుగున సన్నటి బుడగలు. ఇంకా మరగలేదు.

"నిజం చెప్పు. నేనొచ్చేలోగా తాగావా?"

వాడు మంటవైపు చూస్తున్నాడు.