సౌత్ ఫోర్కు ఆనకట్ట: ఒక గండి చరిత్ర

చెరువు కట్ట ఒకరి సొత్తు కావచ్చును. అది తెగినపుడు వచ్చు వరద మాత్రము దిగువనున్న వారందరి పాలబడును. కడప జిల్లాలోని పోరుమామిళ్ల చెరువు శాసనము (క్రీ. శ. 1369) మంచి చెరువునకు పండ్రెండు అంగములను, చెరువునకు గల ఆరు దోషములను పేర్కొనినది. కట్టనుండి నీరు ఊరుట ఆ దోషములలో నొకటి. ఇట్టి దోషమును ఉపేక్షించిన ఫలమెట్టిదో అమెరికాలోని సౌత్ ఫోర్కు ఆనకట్ట చరిత్ర తెలుపుచున్నది.

పెన్సిల్వేనియా రాష్ట్రమున, జాన్స్‌టౌను పట్టణమునకు 14 మైళ్ల ఎగువన, కొండల నడుమ ఈ మట్టికట్ట యుండెను. దాని ఎత్తు 72 అడుగులు. పడవల కాలువకు నీరందించుటకై ప్రభుత్వము దీనిని కట్టించి 1853లో ముగించెను. కట్ట అడుగున ఇనుప గొట్టముల తూమును, ఒక ప్రక్క బండను తొలిచిన అలుగును అమర్చిరి. ఇంతలో రైలుమార్గము పడుటచే కాలువతో పని తీరినది. 1857లో కట్ట రైలు కంపెనీ వశమయ్యెను. 1862లో దానికి గండి పడినది. 1875లో కొనిన ఆసామి తూము గొట్టములను పెరికించి పాత ఇనుముగా అమ్మివేసెను.

1879లో పిట్స్‌బర్గు ధనికుల వినోద సంఘమొకటి దానిని గైకొనెను. గండిని పూడ్చిరి గాని తూమును మరల పెట్టలేదు. బండ్లు పోవుటకై కట్ట తలను దించిరి. చేపలు జారిపోకుండ అలుగునకు ఇనుప జల్లెడలు బిగించిరి. పడవ విహారమునకై నీటిని నిండుగ నిలిపిరి. వరదను పట్టవలసిన చెరువునకు ఖాళీ చోటుండవలెను. అధికమైన నీరు పోవుటకు దారి యుండవలెను. ఇచ్చట ఆ రెండును లేకపోయెను.

దిగువనున్న కాంబ్రియా ఇనుప కర్మాగారపు అధిపతి డానియల్ మోరెల్ 1880లో ఒక ఇంజనీరును పంపి కట్టను పరీక్ష చేయించెను. తూము లేదనియు, కట్ట నుండి నీరు కారుచున్నదనియు ఇంజనీరు తెలిపెను. మరమ్మతు ఖర్చులో తానును పాలుపంచుకొందునని మోరెల్ వ్రాసెను. భయము లేదని సంఘము బదులిచ్చెను.

1889 మే 31న కుండపోతగా వాన కురిసినది. కూలీలు కట్టపై మట్టి పోసిరి; క్రొత్త అలుగు త్రవ్వజూచిరి; జల్లెడలను తీయ యత్నించిరి. పని దాటిపోయినది. మధ్యాహ్నము మూడు గంటల ప్రాంతమున కట్ట తెగెను. సుమారు గంటలో వరద జాన్స్‌టౌనును ముంచెను. 2,209 మంది మరణించిరి. న్యాయస్థానములలో ఆ సంఘముపై ఎవ్వరికిని పరిహారము లభింపలేదు. వరదలో కూలిన గ్రంథాలయమును సంఘ సభ్యులలో నొకడైన ఆండ్రూ కార్నెగీ తిరిగి కట్టించెను. నేడది ఆ వరదకు స్మారక ప్రదర్శనశాలగా నున్నది.

భారతదేశమున 2021 నాటి ఆనకట్టల భద్రతా చట్టము 15 మీటర్లకు మించిన కట్టలకును, 10 మొదలు 15 మీటర్ల ఎత్తుగల వానిలో కొన్నింటికిని వర్తించును. అంతకు చిన్నవగు ఊరి చెరువులకు ఊరివారి కన్నే కావలి. తొలకరికి ముందే అలుగున పెరిగిన తుమ్మలను కొట్టించుట, తూము తలుపును ఎత్తి దించి చూచుట, కట్టలోని ఎలుక బొరియలను పూడ్పించుట స్వల్పవ్యయముతో నగు పనులు. కట్ట ఎవరిదైనను ఈ మూడింటిని అడుగు హక్కు దిగువవారికి కలదు.