గోడ అడుగున మూడడుగులు

లాల్‌దర్వాజలో మా ఇంటి ముందుగదికి, నేల నుంచి మూడడుగుల ఎత్తు దాకా తెల్ల టైల్స్ ఉండేవి. నాన్న వేయించారు. గోడ అడుగున చెమ్మ కనబడుతోందని, కనబడకుండా ఉండాలని. కొన్నేళ్లు కనబడలేదు. తర్వాత టైల్ ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కడ్నుంచే మరక మొదలైంది. మొదట జానెడు, ఆ తర్వాత మూరెడు. పోయినేడు వానాకాలం అయ్యేసరికి గోడకి వేలాడుతున్న నాన్న ఫొటో దాకా పాకింది. ఫ్రేము వెనక సున్నం పొడిపొడిగా రాలుతుంటే అమ్మ రోజూ పొద్దున్నే ఊడ్చి, ఏమీ మాట్లాడకుండా ఎత్తి పోసేది.

తమ్ముడి దగ్గర దీనికి మందుంది. "అక్కా, ఇంకో మూడడుగులు పైకి టైల్స్ కొట్టిస్తే పీడ పోతది." చూడ్డానికి వచ్చిన కాంట్రాక్టర్ దగ్గర ఇంకా పెద్ద మందుంది. ఇది సున్నపు గోడ, పనైపోయింది, మొత్తం పడగొట్టి పిల్లర్లు లేపి కట్టుకోండి అన్నాడు. అంటే మూడడుగుల చెమ్మకి తాత కట్టిన ఇల్లు పోవాలి.

చివరికి వచ్చినాయన పాలమూరు నుంచి ఎప్పుడో వచ్చి పాతబస్తీలో ఉండిపోయిన ముసలి మేస్త్రీ. సున్నం పని తెలిసినవాడు. వచ్చి, గోడని వేలి కణుపుతో కొడుతూ, చెవి పెట్టి వింటూ, గది చుట్టూ ఒకసారి తిరిగాడు. "గోడకేం కాలె బిడ్డా. మీదున్నదాన్ని తీయాలె. గుంజద్దు, విడిపించాలె."

గుంజడానికీ విడిపించడానికీ తేడా ఏమిటో తెలుసుకోడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. ఈలోగా గోడ అడుగు భాగానికి ఈ ఊళ్లో పెద్ద చరిత్రే ఉందని కూడా తెలిసింది.

*

ఇంగ్లీషు ఇళ్లలో స్కర్టింగ్ అంటే చెక్క పట్టీ. చెక్క నేలకీ గోడ పూతకీ మధ్య సందు ఉంటుంది, అది కనబడకుండా ఒక బద్దని మేకులతో కొడతారు. తీయాలంటే మేకులు వదిలించాలి, అంతే. మన దగ్గర చెదలకి భయపడి నేలని ఆనుకుని ఎవరూ చెక్క పెట్టలేదు. ఇక్కడి స్కర్టింగ్ జాజు. పండక్కి ముందు గోడలకి సున్నం కొట్టి, అడుగున జానెడు ఎత్తు ఎర్రమన్ను పట్టీ వేసేవాళ్లు. లాల్‌దర్వాజలో అయితే బోనాలకి ముందు. అందం కోసమే అనుకుంటాం గానీ, చీపురు తగిలేది అక్కడ, కడిగిన నీళ్లు చిమ్మేది అక్కడ, బయటైతే వానచుక్క నేలని కొట్టి ఎగిరేది అక్కడే. గోడలో ముందు పాడయ్యేది ఆ జానెడే. అది పాడవుతుందని ముందే ఒప్పుకుని, ఏడాదికోసారి మళ్లీ పూసుకునేలా పెట్టుకున్నారు. బండలు వచ్చాక, నేల మీద పరిచిన షాబాద్ బండలోంచే సన్నగా కోసిన పలకని గోడ అడుగున నిలబెట్టడం మొదలైంది. అదీ సున్నంలోనే.

గోడ కింది భాగం ఎంత తొందరగా పోతుందో చూడాలంటే బాద్‌షాహీ ఆషుర్‌ఖానాకి వెళ్లాలి. చార్మినార్ కట్టిన 1591 తర్వాత కొద్ది ఏళ్లకే ముహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించాడు. లోపలి గోడల మీది రంగు పలకల పని 1611 నాటికి వచ్చింది. అది పలక మీద బొమ్మ గీసి అతికించిన పని కాదు. ఒక్కో రంగు పలకని విడిగా కాల్చి, ఆకారానికి కోసి, ముక్క పక్కన ముక్క పేర్చి సున్నంలో కూర్చిన పని. ఆవపసుపు, నీలం, ఆకుపచ్చ, ఇటుకరంగు కలిసి పెద్ద పెద్ద ఆలమ్‌లవుతాయి. నాలుగు వందల ఏళ్లయినా పై భాగం ఇప్పటికీ మెరుస్తుంది. కిందికి వచ్చేసరికి చాలా చోట్ల మెరుపు ఆగిపోతుంది. దగ్గరికెళ్లి చూస్తే అక్కడ పలక లేదు, పలకలా కనబడేట్టు వేసిన రంగుంది.

1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగింది. వేలమంది పోయారు, పదిహేను వేలని ఒక అంచనా. నదికి దగ్గర్లోనే ఉన్న ఆషుర్‌ఖానాలోకి నీళ్లొచ్చి, తగిలినంత మేర పలకలు దెబ్బతిన్నాయి. తర్వాతి మరమ్మతుల్లో ఆ ఖాళీల్లో పాత నమూనాని రంగుల్లో గీశారు. నకలే. చాలామంది దాన్ని తప్పు పడతారు. నాకు మాత్రం అది నిజాయితీగానే అనిపించింది. కింద గీసినవాడు పైనున్న అసలు పలకల జోలికి పోలేదు. అంతా ఒకేలా ఉండాలని మిగిలిన పలకల్ని కూడా పీకేసి కొత్తవి కొట్టి ఉంటే, ఇవాళ మనకి 1611 ఉండేది కాదు.

*

షాబాద్ ఇప్పుడు కర్ణాటకలో, కలబురగి జిల్లాలో ఉంది. అప్పుడు నిజాం రాజ్యంలో ఊరు. మన ఇళ్ల కింద పరిచిన బండకి ఆ ఊరి పేరే నిలిచింది. 1920ల్లో అక్కడే సిమెంటు ఫ్యాక్టరీ కూడా వచ్చింది. సున్నపు గోడకి ఇరుగైన బండా, దానికి పడని సిమెంటూ ఒకే ఊరి పేరుతో మన ఇళ్లలోకి రావడం నాకు తమాషాగా ఉంటుంది.

పడకపోవడం ఎందుకో మేస్త్రీ చెప్పిన దానికి, పుస్తకాల్లో దొరికిన దానికి పెద్ద తేడా లేదు. సున్నపురాయిని తొమ్మిది వందల డిగ్రీల దాకా కాలిస్తే అందులోని కార్బన్ డయాక్సైడ్ పోతుంది. నీళ్లు పోస్తే కుతకుతమని ఉడికి ముద్దవుతుంది. ఇసకతో కలిపి గానుగలో నూరితే డంగు సున్నం. చోటుని బట్టి అందులో బెల్లం నీళ్లు, మారేడు గుజ్జు, కరక్కాయ, మినుములు, గుడ్డు తెల్లసొన కలిపేవాళ్లు. గోడకెక్కాక అది గాల్లోంచి పోయిన వాయువునే మళ్లీ నెమ్మదిగా పీల్చుకుని తిరిగి రాయవుతుంది. ఆ రాయి నిండా కంటికి కనబడని సందులుంటాయి. నేలలోంచి గోడలోకి ఎక్కిన తేమ ఆ సందుల గుండా బయటికి ఆరిపోతుంది. పాత గోడలకి అడుగున తేమ ఉండటం రోగం కాదు, ఎక్కింది ఎక్కినట్టు ఆరిపోతే చాలు.

దాని మీద సిమెంటు పూసి టైల్ అంటిస్తే ఆరే దారి మూసుకుపోతుంది. నీళ్లు ఆగవు కదా, గోడ లోపల్నుంచి ఇంకా పైకి ఎక్కి, టైల్ ఎక్కడ అయిపోయిందో అక్కడ బయటికొస్తాయి. వస్తూ తమతో తెచ్చిన ఉప్పుని అక్కడ వదిలేస్తాయి. ఉప్పు పలుకులు కట్టి ఉబ్బితే సున్నం పెచ్చులూడుతుంది. నాన్న ఫొటో వెనక రాలింది అదే. తమ్ముడన్నట్టు ఇంకో మూడడుగులు టైల్ వేస్తే మరక ఇంకో మూడడుగులు పైకి పోయేది, అంతే.

మా గదిలో జరిగిందే ఇరవయ్యో శతాబ్దంలో పెద్ద పెద్ద కట్టడాలకీ జరిగింది. కుతుబ్‌షాహీ సమాధుల మీద పాత సున్నం పాడైన చోటల్లా సిమెంటు మెత్తారు. రాష్ట్ర పురావస్తు శాఖతో కలిసి ఆగాఖాన్ ట్రస్టు 2013లో మొదలుపెట్టి 2024 దాకా చేసిన పనిలో పెద్ద భాగం ఆ సిమెంటుని చేతుల్తో ఒలిచి, మళ్లీ సున్నం పూయడమే. మరమ్మతుని మరమ్మతు చేయడానికి పదేళ్లు. 2019 మే 1 రాత్రి చార్మినార్ మీనారు మీది సున్నపు నగిషీ ముక్క ఊడి కింద పడింది. అదృష్టం, కింద ఎవరూ లేరు. మర్నాడు పేపర్లలో అందరూ మీనారు గట్టిదనం గురించి కంగారుపడ్డారు. రాయికి ఏం కాలేదు, పోయింది అంచు. కానీ ఈ ఊరి కట్టడాల్లో అంచు విడిగా చేసి తగిలించింది కాదు. పూలు, తీగలు, కమాను చుట్టూ గీత, అన్నీ గోడ పూత పచ్చిగా ఉన్నప్పుడు అదే సున్నంతో దిద్దినవి. అక్కడ స్కర్టింగ్ ఊడదీయడమంటూ ఉండదు. ఊడదీస్తే గోడ చర్మమే వస్తుంది.

*

ఇక పని. గుంజడం అంటే ఏంటంటే, గట్టిదాన్ని పట్టుకుని లాగితే దానికంటే మెత్తనిది దాంతో పాటు వచ్చేస్తుంది. సిమెంటు గట్టిది, సున్నం మెత్తనిది. టైల్ కింద గడ్డపార పెట్టి లేపితే టైలూ సిమెంటూ కలిసి, సున్నాన్నీ ఇటుక ముఖాన్నీ పెకలించుకుని వస్తాయి. అందుకని మేస్త్రీ మొదటి రోజంతా ఒక్క టైల్ కూడా తీయలేదు. టైల్ పైఅంచుకీ గోడకీ మధ్య సన్నని రంపపు బ్లేడుతో గీత కోశాడు. ఏళ్ల తరబడి వేసిన రంగులు ఆ సందుని అతికేసి ఉంటాయి, కోయకుండా లాగితే పై పూత పొరలాగా చిరుగుతుంది.

రెండో రోజు మళ్లీ కణుపుతో కొట్టి చూసి, బోలుగా మోగిన చోట సుద్దతో గుర్తులు పెట్టాడు. మొదలుపెట్టింది అక్కడ్నుంచే, అప్పటికే సగం విడిపోయినవాటి నుంచి. పలచటి ఉలి, చిన్న సుత్తి. ఉలి మొన గోడవైపు చూడకూడదు, గోడ వెంబడే పోవాలి. కొంచెం లేపాల్సి వస్తే ఉలికీ గోడకీ మధ్య అడుగు పొడుగు చెక్కముక్క ఆనించేవాడు, బరువంతా ఒక్కచోట పడకుండా. ఎంతకీ రాని టైల్‌ని మధ్యలో పగలగొట్టి ముక్కలుగా తీసేవాడు. "ఇది దుకాణంల దొరుకుతది. గోడ దొరకది." డ్రిల్ మెషిన్ తెస్తానని తమ్ముడంటే చెయ్యి అడ్డం పెట్టాడు. దాని అదురుకి, బాగున్న సున్నం కూడా రెండు మూడడుగుల పైదాకా లోపల్లోపలే విడిపోతుందట.

దర్వాజ చౌకట్టు చుట్టూ టేకు పట్టీ ఉంది, అదొక్కటీ నిజంగా మేకులతో కొట్టింది. దాన్ని ఒక చివర్నుంచి మేకు మేకుకీ కాస్త కాస్త వదులు చేసుకుంటూ పోయి మొత్తంగా ఊడదీశాడు. మేకుల్ని వెనకనుంచి కొట్టి ముందుకి తీయబోతుంటే నన్ను ఆపి, పటకారుతో తల సహా వెనక్కి లాగించాడు. ముందువైపు చెక్క చీలకుండా. ఇంత చిన్న సంగతి ఇన్నేళ్లలో నాకెవరూ చెప్పలేదు.

1877లో ఇంగ్లండులో విలియం మోరిస్ పాత కట్టడాల రక్షణకి ఒక సంఘం పెట్టాడు. పాత గోడల పూత గీకేసి 'అసలు రాయి'ని బయటపెట్టే పిచ్చికి వ్యతిరేకంగా మొదలైంది కాబట్టి దాన్ని ముద్దుగా 'యాంటీ స్క్రేప్' అనేవాళ్లు. సిమెంటుకి పేటెంటు వచ్చింది కూడా అక్కడే, 1824లో. అంటే రోగమూ వైద్యమూ ఒకే దేశంలో పుట్టాయి. మా మేస్త్రీకి మోరిస్ ఎవరో తెలీదు. అయినా ఇద్దరూ ఒకే మాట మీదున్నారు.

*

పని జరుగుతున్నన్ని రోజులూ సాయంత్రాలు షాలిబండ మెయిన్ రోడ్డు దాకా నడిచేదాన్ని. మెట్రో కోసం 2025 మొదటి నుంచి ఆ దారి పొడుగునా ఇళ్లూ దుకాణాలూ కూలుస్తున్నారు. కొన్ని భవనాల్ని ముందు భాగం వరకే కోసేశారు. కోసిన చోట నిలబడి చూస్తే గోడ ఏ పొర మీద ఏ పొరో తెలిసిపోతుంది. ఇటుక, సున్నం, దాని మీద నీలం, ఆకుపచ్చ, అందరికంటే మీద సిమెంటు, టైల్. ఎవరిదో వంటింటి టైల్స్ రోడ్డువైపు తిరిగి ఉన్నాయి. మెట్రో వద్దని నేననను. ఫలక్‌నుమా నుంచి రోజూ బస్సుల్లో నలిగేవాళ్లకి అది కావాలి. కానీ ఆ కోతల్లో ఒక్కచోట కూడా ఎవరూ ఉలి పట్టుకుని నిలబడినట్టు కనబడలేదు.

ఈ ఊరికి అది కొత్తా కాదు. సాలార్‌జంగుల దీవాన్ దేవిడీలో చీనీఖానా ఉండేది, గోడల నిండా పింగాణీ తాపడం చేసిన గది. ఐనాఖానా ఉండేది, అద్దాలది. లక్కడ్‌కోట్ ఉండేది, చెక్క పనిది. 1951 డిసెంబర్ 16న నెహ్రూ సాలార్‌జంగ్ మ్యూజియాన్ని ప్రారంభించింది ఆ దేవిడీలోనే. 1968లో వస్తువులన్నీ భద్రంగా కొత్త భవనానికి వెళ్లాయి. తర్వాత దేవిడీ కూలింది, దాని జాగాలో దుకాణాలొచ్చాయి. వస్తువులు అద్దాల బీరువాల్లో ఉన్నాయి. వాటి చుట్టూ ఉన్న గోడలు లేవు. గోడకి పట్టిన పింగాణీని విడిపించి దాచే ఓపిక ఎవరికీ లేకపోయిందేమో. ఒక ద్వారం మాత్రం నిలబడి ఉంది.

*

తొమ్మిదో రోజు, నైరుతి మూల టైల్ వచ్చేసరికి దాని కింద ఎరుపు కనబడింది. టైల్ వేసేముందు సిమెంటు పట్టడానికి గోడంతా గాట్లు పెట్టారు కదా, ఆ గాట్ల మధ్య మధ్యలో జాజు. ఎవరో మేస్త్రీ ఉలితో నరికిన ఎర్ర పట్టీ, సరిగ్గా జానెడు ఎత్తు. ఒక పొర పెచ్చు లేస్తే కింద సున్నం, దాని కింద ఇంకో జాజు. లెక్కపెట్టబోయి ఏడు దగ్గర ఆపేశాను. అమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసింది. "మీ నానమ్మ బట్ట ముంచి గీసేది. నేను బ్రష్షు పెడితే ఒప్పకపోయేది. పట్టీ వంకర పోతదని." కొంగుతో ముక్కు తుడుచుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఒక్కచోట, అరచేయంత మేర, సున్నం ఊడి ఇటుక కనబడింది. ఆ రోజు మేస్త్రీ అన్నం తినకుండా కాసేపు అలిగినట్టు కూర్చున్నాడు.

ఇప్పుడు గోడ వట్టిగా ఉంది. ఎండాకాలం అంతా అలాగే వదిలేయమన్నాడు. ఉప్పు తెల్లగా పొంగి బయటికొస్తోంది. దాన్ని నీళ్లతో కడగొద్దట. కడిగితే కరిగి మళ్లీ లోపలికే పోతుంది. పొడి బ్రష్షుతో దులిపి, కింద పడింది పడ్డట్టు ఎత్తి బయట పారేయాలి. ఆ పని అమ్మ తీసుకుంది. చూసినవాళ్లంతా కొత్త పూతలో గుప్పెడు సిమెంటు కలపమని, గట్టిగా ఉంటుందని సలహా ఇస్తున్నారు. వాళ్లలో తమ్ముడొకడు. వాడు ఇప్పటికీ ఒప్పుకోలేదు, గది నాలుగు నెలలు ఇలా ఎవరైనా ఉంచుకుంటారా అంటాడు. నాన్న ఫొటో తాత్కాలికంగా బీరువా మీదుంది.

బోనాలకి జాజు పట్టీ వేయొచ్చా అని అమ్మ మేస్త్రీని అడిగింది. ఆయన గోడ అడుగున అరచెయ్యి ఆనించి కాసేపు ఉంచాడు. "ఈ ఏడు కాదమ్మా," అన్నాడు. "వచ్చే ఏడు చూద్దాం."