సరుకు మీద జెండా – కొనేవాడి కోపం

వ్యాపార సంస్థలకు రాజకీయాలెందుకని ప్రశ్నించేవారూ, ప్రజల పక్షాన నిలబడని సంస్థ సరుకును ప్రజలు బహిష్కరించాలని పిలుపునిచ్చేవారూ మన సభల్లో తరచుగా ఎదురుపడుతున్నారు. ఇద్దరూ ఆవేశంగానే మాట్లాడుతున్నారు. కాని ఇద్దరి వాదనకూ పునాదిగా ఒక భ్రమ ఉంది. పెట్టుబడికి మామూలు రోజుల్లో పక్షం ఉండదనీ, ఏదో ఒక సంక్షోభ సమయంలోనే అది పక్షం ఎంచుకుంటుందనీ ఆ భ్రమ. ‘కొనేవాడు’ అనే మాట కింద ఒకే రకం మనిషి ఉంటాడన్నది దాని తోడబుట్టిన భ్రమ. చరిత్ర ఈ రెండింటినీ సమర్థించదు.

నేను అర్థశాస్త్రవేత్తను కాను, బోయినపల్లి ప్రాంతంలో తెలుగు చెప్పుకునే పంతుల్ని. అయితే సిరిసిల్ల సాంచాల చప్పుడు వినబడేంత దూరంలో బతికేవాడు గుడ్డకూ రాజకీయానికీ గల సంబంధాన్ని గ్రంథాల్లో వెతకవలసిన పని లేదు. ఎన్నికలొస్తే ఒకదానికొకటి పడని పార్టీలన్నింటి జెండాలకూ, కండువాలకూ అక్కడే గుడ్డ తయారవుతుంది. ఆ గుడ్డ నేసే కార్మికుణ్ణి ‘నీ పక్షమేది?’ అని అడిగినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. మీటరుకు ఎంత కూలి పడుతుందన్నదే అతని రాజకీయం.

మన దేశంలో సరుకుకు జెండా కట్టిన మొదటి పెద్ద సందర్భం వంగ విభజన. 1905 ఆగస్టు 7న కలకత్తా టౌన్‌హాలు సభలో విదేశీ వస్తు బహిష్కరణ తీర్మానం జరిగింది. 1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ విశాఖ, కాకినాడ, రాజమండ్రి, విజయవాడ, బందరుల మీదుగా మద్రాసుకు సాగించిన పర్యటనతో ఆ గాలి తెలుగు నేల మీదికి బలంగా వీచింది. రాజమండ్రిలో ఆయన ఉపన్యాసాన్ని తెనిగించినవాడు చిలకమర్తి కావడం వల్ల ఈ ఘట్టం మన సాహిత్య చరిత్రలో స్థిరపడిపోయింది. మనం ఆ ఉపన్యాసాన్నీ, ఆ సందర్భంలో పుట్టిన పద్యాన్నీ స్మరించుకుంటాం. కాని గుడ్డ ధర మాటేమిటి? వంగదేశంలో విదేశీ గుడ్డ మానుకున్నవారికి బొంబాయి, అహ్మదాబాదు మిల్లుల ధోవతులే దిక్కయ్యాయి. ధరలు పెంచవద్దని నాయకులు వేడుకున్నా గిరాకీ చూసుకున్న మిల్లుదార్లు పెంచారు. దేశభక్తికి చెల్లించిన ఆ అదనపు అణాలు ఎవరి పెట్టెలో పడ్డాయో చెప్పనక్కరలేదు.

రవీంద్రుడు 1916లో ప్రకటించిన ‘ఘరే బైరే’ నవలను మన విద్యార్థులు సాధారణంగా ముగ్గురి మధ్య ప్రేమకథగా చదువుతారు. నా దృష్టిలో అది బహిష్కరణను గురించిన నవల. అందులో పంచు అనే నిరుపేద చిల్లర వర్తకుడున్నాడు. అతని విదేశీ గుడ్డ తగలబడింది. తగలబెట్టించినవారికి మరో గుడ్డ కొనుక్కునే స్తోమత ఉంది, పంచుకు మరో మూట తెచ్చుకునే స్తోమత లేదు. 1921 జూలై 31న బొంబాయి పరేల్‌లో గాంధీ విదేశీ వస్త్రాల గుట్టకు నిప్పంటించినప్పుడు కూడా రవీంద్రుడు ఆ మంటను అంగీకరించలేదు. ఒంటి మీద గుడ్డ లేనివారున్న దేశంలో గుడ్డను కాల్చే హక్కు ఎవరిదన్నది ఆయన ప్రశ్న. పరాయి పాలకుని లాభాన్ని దెబ్బతీయకుండా స్వాతంత్ర్యం ఎలా వస్తుందన్నది గాంధీ పక్షంవారి జవాబు. ఆ జవాబులో బలం లేకపోలేదు. అయినా పంచు ప్రశ్న మాత్రం అక్కడే ఉండిపోయింది.

ఇదే కాలంలో తూత్తుకుడిలో ఇంకో ప్రయోగం జరిగింది. వ.ఉ. చిదంబరం పిళ్లై 1906లో స్వదేశీ నౌకా సంఘాన్ని స్థాపించాడు. వాటాలు కొనడం, ఆ ఓడలోనే కొలంబోకు ప్రయాణించడం దేశసేవ అయ్యాయి. పోటీగా ఇంగ్లీషు కంపెనీ టిక్కెట్టు ధరను రూపాయికి దించింది, తరువాత ఉచిత ప్రయాణమంది, పైపెచ్చు గొడుగు కూడా ఇస్తానంది. 1908లో పిళ్లైని జైలుకు పంపారు. 1911 నాటికి సంఘం మూతపడింది. గొడుగు పుచ్చుకున్న ప్రయాణికుణ్ణి దేశద్రోహి అనడం సులభం. కొలంబోకు కూలికి పోయేవాడి చేతిలోని రూపాయి విలువ తెలిసినవారు అంత సులభంగా ఆ మాట అనలేరు.

1930 శాసనోల్లంఘన నాటికి కాంగ్రెసు ఈ అనుభవాల నుంచి కొంత నేర్చుకుంది. మిల్లుల నుంచి లిఖితపూర్వకమైన హామీలు కోరింది. విదేశీ నూలు వాడరాదు, ఖద్దరుతో పోటీపడే ముతక రకాలు నేయరాదు, జాతీయోద్యమానికి ఎదురు నిలవరాదు. హామీ ఇచ్చిన మిల్లులకు ఒక జాబితా, ఇవ్వని మిల్లులకు బహిష్కరణ. కొనేవాడి చేతికి ఇంత స్పష్టమైన పట్టిక మన దేశంలో అంతకు ముందు ఎవరూ ఇవ్వలేదు. అయితే అవి ఆర్థిక మాంద్యం రోజులు, గోదాముల్లో గుడ్డ పేరుకుపోయిన రోజులు. సంతకాలన్నీ దేశభక్తితో పడ్డాయని నమ్మడానికి నాకు మనస్కరించదు. 1928లో బొంబాయి మిల్లు కార్మికులు ఆరు నెలలపాటు సమ్మె చేసింది ఈ యజమానుల మీదనే. జాతీయ ముద్ర పడిన తాను కొంటున్నవాడికి ఆ సమ్మె గుర్తుండే అవకాశం తక్కువ.

ఇక్కడ తెలంగాణ పాఠకుడు ఒక సంగతి గమనించాలి. బహిష్కరించడానికి ముందు కొనడానికో మానడానికో స్వేచ్ఛ ఉండాలి. నిజాం రాజ్యంలో సభ పెట్టుకోవాలన్నా సర్కారు అనుమతి కావలసివచ్చేది. 1935లో మాడపాటి హనుమంతరావు అధ్యక్షతన సిరిసిల్లలో నాలుగవ ఆంధ్ర మహాసభ జరిగింది కూడా ఆ ఆంక్షల మధ్యనే. పల్లెల్లో వెట్టి కింద చేనేతవాడు గడీకి గుడ్డ ఇచ్చుకోవాలి, కోమటి సరుకు ఇచ్చుకోవాలి. అమ్మనని చెప్పే హక్కు అమ్మేవాడికే లేనిచోట కొననని చెప్పే హక్కు ఎక్కడిది? బ్రిటిషాంధ్ర చరిత్రకారులు స్వదేశీ ఉద్యమాన్ని రాసేటప్పుడు తెలంగాణలో చైతన్యం ఆలస్యమైందంటారు. చైతన్యం మాట అటుంచి, సంత స్వరూపమే వేరని వారు గమనించలేదు.

మన భాషలో ఒక సంస్థ బాహాటంగా పక్షం వహించిన కథల్లో కాశీనాథుని నాగేశ్వరరావుది ప్రత్యేకమైనది. 1893లో బొంబాయిలో అమృతాంజనం, 1908లో అక్కడే ‘ఆంధ్రపత్రిక’ వారపత్రిక, 1914లో మద్రాసు నుంచి దినపత్రిక, 1924లో ‘భారతి’. తలనొప్పి మందు మీద వచ్చిన లాభం కాంగ్రెసు రాజకీయానికీ, ఆంధ్రరాష్ట్ర వాదానికీ, మన సాహిత్యానికీ పెట్టుబడి అయింది. ఆయన ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లాడు. కోస్తా, రాయలసీమ నాయకులు 1937 నవంబరు 16న ఒడంబడిక కుదుర్చుకున్నది మద్రాసులోని ఆయన ఇల్లు శ్రీబాగ్‌లోనే. ఆంధ్రరాష్ట్ర వాదం మద్రాసులో అందరికీ రుచించే వాదం కాదు. మరి అమృతాంజనం కొనేవారో? అరవవారూ కొన్నారు, ఆంధ్రులూ కొన్నారు. నుదుటికి రాసుకునేటప్పుడు సీసా వెనుక ఉన్న రాష్ట్రవాదం ఎవరికీ మండినట్టు లేదు. ఇందులో కిటుకేమిటంటే, రాజకీయానికి పత్రిక, లాభానికి మందు అని పని విభజన జరిగిపోయింది. పక్షం నచ్చనివాడు పత్రికను మానుకోవచ్చు, మందును మానుకోనక్కరలేదు. ‘ఆంధ్రపత్రిక’ 1991లో ఆగిపోయింది. పసుపుపచ్చ మందు నేటికీ కొట్లలో దొరుకుతోంది. మన ‘భారతి’ పాత సంచికల్లో పరిశోధన చేసే విద్యార్థులు ఆ కాగితం ఖర్చు ఎవరి తలనొప్పి నుంచి వచ్చిందో ఒకసారి తలుచుకోవడం మంచిది.

పత్రికే సరుకైనప్పుడు పరిస్థితి వేరు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేకోద్యమాన్ని ‘ఈనాడు’ భుజాన వేసుకుంది. దాసరి నారాయణరావు 1984లో ప్రారంభించిన ‘ఉదయం’ అప్పటికి మద్యం వ్యాపారి మాగుంట సుబ్బరామిరెడ్డి చేతిలో ఉంది. ఇంతకన్నా స్పష్టమైన మోహరింపు ఉండదు. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. 1995లో ‘ఉదయం’ మూతబడింది. అయితే ఈ రెంటినీ కారణం, ఫలితంగా ముడిపెట్టడం తొందరపాటు. పత్రికలు మూతపడడానికి అప్పులు చాలు. సారా పొట్లాలు ఊరూరా చేరిన ‘వారుణి వాహిని’ తెలుగుదేశం ప్రభుత్వం నాటిదనీ, ఆ పార్టీని 1983లో గద్దెనెక్కించడంలో ‘ఈనాడు’ పాత్ర చిన్నది కాదనీ కూడా మరువరాదు. ఏ పత్రిక ఎటు నిలిచినా, సారా పాటలను వాయిదాలు వేయించినవారు చదువరులు కారు. వారిలో చాలామంది అక్షరాస్యతా కేంద్రాల్లో అప్పుడప్పుడే అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్లు. వారు ఏ పత్రికకూ చందాదార్లు కారు.

సినిమా సంగతి మనకు మరీ దగ్గరిది. తెలంగాణ ఉద్యమ కాలంలో సమైక్యవాదుల చిత్రాలను ఆడనివ్వబోమన్న పిలుపులు వచ్చాయి. 2012 అక్టోబరు 18న విడుదలైన ‘కెమెరామన్ గంగతో రాంబాబు’ ఉద్యమాన్ని కించపరిచిందని తెలంగాణ జిల్లాల్లో ప్రదర్శనలను అడ్డుకున్నారు, కొన్ని దృశ్యాలు తొలగించక తప్పలేదు. ప్రేక్షకుడు తానై మానుకోవడం వేరు, హాలు తలుపు దగ్గర ఆపబడడం వేరు. ఆ రోజుల్లో ఈ రెండూ కలగలిసిపోయాయి. నేను ఉద్యమం వైపు నిలబడినవాణ్ణే అయినా ఈ తేడాను దాచను. కాని నిర్మాతల వర్గం ‘కళకు ప్రాంతం లేదు’ అన్నప్పుడు మాత్రం నాకు నవ్వొచ్చింది. దశాబ్దాల తరబడి మన మాటను రౌడీకీ, నవ్వులపాలయ్యే నౌకరుకూ కేటాయించినవారికి ప్రాంతం తెలియదా? అది కూడా పక్షం వహించడమే. ప్రకటన చేయకుండా వహించిన పక్షం. దానికి ప్రేక్షకుడి అసలు జవాబు అద్దాలు పగలడంలో రాలేదు, ఆలస్యంగా టిక్కెట్ల దగ్గర వచ్చింది. ‘ఫిదా’ (2017)లో నాయిక మన యాసలో మాట్లాడింది. మన సిరిసిల్ల వైపు చిత్రీకరించిన ‘బలగం’ (2023)ను ఊళ్లలో తెర కట్టుకుని చూశారు. పెట్టుబడికి జ్ఞానోదయమైందని నేననను, లెక్క తెలిసింది.

అసలు పక్షమే వహించనివాడికి పక్షం అంటగట్టడం ఇటీవలి వింత. దేశ విభజన తరువాత సింధు నుంచి వచ్చిన ఖాన్‌చంద్ రామ్‌నాని 1953లో హైదరాబాదు మొజంజాహీ మార్కెట్ దగ్గర పెట్టిన బేకరీకి విడిచివచ్చిన ఊరి పేరు పెట్టుకున్నాడు. 2019లో పుల్వామా ఘటన తరువాత బెంగుళూరు శాఖ బోర్డు మీద ‘కరాచీ’ అనే మాటను కప్పుకోవలసివచ్చింది. 2025 మే నెలలో శంషాబాదు శాఖ మీద దాడి జరిగింది. యజమానులు జాతీయ జెండాలు కట్టి, తాము భారతీయులమని చెప్పుకున్నారు. ఇందులో కోపగించినవాడు కొనేవాడేనా? ఉస్మానియా బిస్కెట్టు కొనేవాడు పట్టణంలో ఎప్పటిలాగే కొంటున్నాడు.

చివరకు మళ్లీ సిరిసిల్లకే రావాలి. 2017లో ప్రభుత్వం బతుకమ్మ చీరలు పంచింది. కోటికి పైగా చీరలు గడువులోగా సిరిసిల్లలో నేయడం సాధ్యంకాక కొంత సరుకు సూరత్ నుంచి తెప్పించారు. నాసిరకం చీరలని పలుచోట్ల ఆడవాళ్లు కుప్పపోసి నిప్పంటించారు. ప్రతిపక్షాలు చేయించాయని పాలక పక్షం అంది, ఆడవాళ్ల ఆత్మగౌరవమని ప్రతిపక్షం అంది. ఊరికే వచ్చిన చీరను కాల్చడానికి ఆడబిడ్డకు ఎంత కోపం రావాలో రెండు పక్షాలూ ఆలోచించలేదు. అదే సమయంలో ఆ మంటలో కాలినది సూరత్ చీరో, సిరిసిల్ల చీరో చూసి కాల్చినవారూ లేరు. ఆ తరువాతి ఏళ్లలో చీరలన్నీ సిరిసిల్లకే వచ్చాయి. సాంచాలు నెలల తరబడి ఆగకుండా ఆడాయి. ఒక ఊరు మొత్తానికి ఒకే కొనుగోలుదారు ఏర్పడ్డాడు. అతని చేతిలోనే ప్రభుత్వం కూడా ఉంది. 2023 డిసెంబరులో ప్రభుత్వం మారింది. 2024లో బతుకమ్మ చీర ఆగింది. సాంచాలు ఆగాయి, పాత బకాయిల కోసం ఆసాములూ కార్మికులూ రోడ్డెక్కారు. ఆ తరువాత స్వయం సహాయక సంఘాల మహిళలకని ఇందిరమ్మ చీరల ఆర్డరు వచ్చింది. సాంచాలు మళ్లీ తిరుగుతున్నాయి. ఈ ఆర్డరు ఎన్నాళ్లుంటుందని అడిగితే ఆసాములు ఎన్నికల లెక్క చెబుతున్నారు.